వారంటీ ఉంది కదా, మరి బిల్లెందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొత్త కారు వారంటీ మీదే ఉన్నాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కారు కొన్నప్పుడు "మూడేళ్ళ దాకా మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు సార్" అన్నారు. పధ్నాలుగో నెలలో సర్వీసుకిస్తే బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, ఏసీ ఫిల్టరు అంటూ ఆరువేల చిల్లర బిల్లు వేశారు. అసలు వారంటీ దేనికి ఉన్నట్టు?
– ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఆ మాట అమ్మేవాళ్ళ నోట వచ్చిందే తప్ప కంపెనీ పుస్తకంలో ఎక్కడా ఉండదు మాష్టారూ. పుస్తకంలో ఉండే హామీ ఒక్కటే. ఏదైనా భాగం తయారీలో గానీ, వాడిన సరుకులో గానీ, ఫ్యాక్టరీ బిగింపులో గానీ లోపముండి చెడిపోతే దాన్ని ఉచితంగా బాగుచేస్తారు, లేదా మారుస్తారు. మార్చాలా, బాగుచేసి సరిపెట్టాలా అన్నది కంపెనీయే నిర్ణయిస్తుంది.

ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్సు, స్టీరింగ్ ర్యాక్, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు, పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ఇంజిన్ కంట్రోల్ యూనిట్, సెన్సర్లు, అద్దాలు ఎత్తే మోటార్లు దీని కిందికి వస్తాయి. వాడకంలో అరిగేవి, అయిపోయేవి రావు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్గులు, ఫిల్టర్లు, ఆయిల్, కూలెంట్ ఈ రెండో జాబితాలోవి. మీ బిల్లులో ఉన్నవి మూడూ అవే కాబట్టి అందులో మోసమేమీ లేదు. అయితే ప్యాడ్లు నిజంగా మార్చాల్సినంత అరిగాయా అన్నది వేరే ప్రశ్న. కొత్త ప్యాడు మందం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 దగ్గరికి వస్తే మారుస్తారు. పాతవి ఇమ్మని అడిగి తీసుకోండి, స్కేలు పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

‘ఫ్రీ సర్వీసు’ కూడా చాలామందిని తికమకపెట్టే మాటే. ఉచితమయ్యేది కూలి మాత్రమే, ఆయిలుకీ ఫిల్టరుకీ డబ్బు కట్టాల్సిందే.

గడువులో రెండు లెక్కలుంటాయి, ఏది ముందు నిండితే దానితో వారంటీ ముగుస్తుంది. మారుతి సుజుకి 2024 జులై నుంచి తన మామూలు వారంటీని 2 ఏళ్ళు, 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్ళు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. హ్యుందాయ్ సొంత వాడకం కార్లకు 3 ఏళ్ళు ఇస్తుంది, కిలోమీటర్ల హద్దు లేదు. విజయనగరం నుంచి విశాఖకు రోజూ వెళ్ళొచ్చే ఉద్యోగి కారు రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. నెలకు 25 రోజులంటే ఏడాదికి 36,000. లక్ష హద్దున్న వారంటీ ఆయనకు 33 నెలలకే అయిపోతుంది. కాగితం మీద మూడేళ్ళున్నా ఆఖరి మూడు నెలలు ఆయనవి కావు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. వారంటీలో మార్చిన భాగానికి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవవు, కారుకు మిగిలిన గడువే దానికీ వర్తిస్తుంది.

ప్రశ్న: ఎస్.కోట నుంచి అరకు ఘాట్ మీదుగా వారానికి రెండు మూడుసార్లు తిరుగుతాను. 18,000 కిలోమీటర్లకే క్లచ్ జారడం మొదలైంది. ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ఎక్కదు. "మీ డ్రైవింగ్ వల్లే సార్, వారంటీ రాదు" అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?
– కాఫీ గింజల వ్యాపారి, శృంగవరపుకోట

జవాబు: క్లచ్ ప్లేటు అరిగే భాగమే, చాలా కంపెనీల పుస్తకాల్లో మినహాయింపు జాబితాలోనే ఉంటుంది. అంతమాత్రాన క్లచ్‌కు సంబంధించిన ప్రతిదానికీ ‘రాదు’ అనడం కుదరదు. గేర్‌బాక్సు దించి చూడందే ఎవరూ తేల్చలేరు. దించేటప్పుడు మీరు దగ్గరుండండి. వీలుకాకపోతే ఫొటోలు పంపిస్తామని జాబ్ కార్డు (బండి సర్వీసుకిచ్చినప్పుడు వాళ్ళు రాసే కాగితం) మీద రాయించుకోండి. దించాక నాలుగు చోట్ల చూడాలి.

మొదట ఫ్లైవీల్ ముఖం, అంటే ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం మీద క్లచ్ ప్లేటు ఆనే వైపు. ఉక్కు 300 డిగ్రీల దగ్గర నీలం తిరుగుతుంది. ఫ్లైవీల్ మీదా, క్లచ్ ప్లేటును దానికి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మీదా నీలం మచ్చలుండి, ప్లేటు రెండు వైపులా సమంగా అరిగి రివెట్ల దాకా వచ్చి, మాడిన వాసన వేస్తుంటే అది సగం క్లచ్ మీద బండి నడిపిన గుర్తు. ఎత్తులో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు మీద కాక క్లచ్ మీద బండిని నిలబెట్టడం, గేరు మార్చాక కూడా పాదం పెడల్ మీదే ఆన్చి ఉంచడం ఇలా చేస్తాయి. ఈ గుర్తులుంటే వాళ్ళ మాటే నిజం, వాదించి లాభం లేదు.

రెండోది, ప్లేటు మీద నూనె జిడ్డు. క్రాంక్ వెనుక ఆయిల్ సీలో, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలో కారితే నూనె ప్లేటు మీద పడి క్లచ్ జారుతుంది. సీలు వారంటీలో వచ్చే భాగం, దాని లోపం వల్లే ప్లేటు పాడైంది కాబట్టి ప్లేటు కూడా అడగొచ్చు, అడగాలి. ఇంజిన్, గేర్‌బాక్సు కలిసేచోట కింద తడి కనబడితే దించకముందే ఫొటో తీసిపెట్టుకోండి. దించేలోగా కడిగేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

మూడోది, ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్ళు. అవి మధ్యలో గుండ్రంగా పేర్చిన ఆకుల్లా ఉంటాయి. వాటిలో ఒకటి విరిగినా, ప్లేటు మధ్యలోని డంపర్ స్ప్రింగులు ఊడి రాలినా అది అరుగుదల కాదు.

నాలుగోది, ప్లేటు ఒకవైపే ఎక్కువగా అరగడం. క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. కేబుల్ సర్దుబాటు గానీ, హైడ్రాలిక్ సిలిండరు గానీ, రిలీజ్ బేరింగు గానీ తేడాగా ఉండొచ్చు. పెడల్ తొక్కినప్పుడు గరగర శబ్దం వస్తుంటే ముందు బేరింగును అనుమానించాలి.

ఈ గుర్తుల్లో ఏది కనబడిందో సర్వీసు వాళ్ళ చేతే రాయించండి. "డ్రైవింగ్ వల్ల" అన్న రెండు మాటలు కారణం కింద లెక్కకు రావు. ఏ భాగం మీద ఏం చూసి ఆ నిర్ణయానికొచ్చారో రాయమనండి. ఘాట్ ఎక్కేటప్పుడు ఆగితే హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, కాలు తీసేయడం ఒక్కటి అలవాటు చేసుకున్నా కొత్త ప్లేటుకు ఆయుష్షు పెరుగుతుంది.

ప్రశ్న: మాది సముద్రానికి అరకిలోమీటరు దూరం. ఏడాదిన్నరకే డోరు అంచుల్లో, సైలెన్సర్ మీద తుప్పు మొదలైంది. కంపెనీ ‘తుప్పు వారంటీ’ ఇస్తామంది కదా!
– గృహిణి, కళింగపట్నం

జవాబు: ఇచ్చింది నిజమేనమ్మా, కానీ ఆ వారంటీ ఎక్కువగా లోపలి నుంచి తినేసి రేకు చిల్లుపడ్డప్పుడే పనికొస్తుంది. పైపైన పట్టిన తుప్పు, రాయి తగిలి రంగు ఊడిన చోట పట్టినది, ఉప్పుగాలి ప్రభావం అన్నీ మినహాయింపులే. సైలెన్సర్ పైన కనిపించే ఎర్రదనానికి చాలా కంపెనీలు ఏమీ ఇవ్వవు.

డోరు అంచు సంగతి మాత్రం వదలకండి. రెండు రేకులు మడిచి కలిపిన చోట ఫ్యాక్టరీలో సీలంటు పూస్తారు. అది పగిలి గానీ, ఖాళీ వదిలి గానీ ఉంటే తుప్పు రంగు కిందనుంచి పొక్కులా లేస్తుంది. గీతా దెబ్బా లేకుండా పొక్కు లేచిందంటే అడగదగ్గ కేసే. నాలుగు తలుపుల్లో ఒకే చోట వస్తే మరీ గట్టి కేసు. తలుపు తెరిచి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి.

తలుపుల అడుగున వాన నీరు పోవడానికి చిన్న చిల్లులుంటాయి. బయట షాపుల్లో నల్లటి తుప్పు మందు కొట్టించుకున్నప్పుడు అవి మూసుకుపోయి, లోపల నీళ్ళు నిలిచి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. మందు కొట్టించే ముందు ఆ చిల్లులకు టేపు వేయించి, అయ్యాక తీయించాలి. వారానికోసారి మంచినీళ్ళతో కారు అడుగుభాగం కడగడం మీ ఊళ్ళో అన్నిటికన్నా చవకైన మందు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మాత్రం దానితో కడగొద్దు. రాత్రి వానకు తడిసిన బ్రేకు డిస్కు మీద పొద్దున్న కనబడే ఎర్రపొర గురించి దిగులక్కర్లేదు, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది.

ప్రశ్న: తుపాను వానకు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. కారులో సీట్ల దాకా తడిసింది. నీళ్ళు తీశాక మా బావమరిది తాళం తిప్పాడు, ఇంజిన్ ఒక్కసారి ‘టక్’మని ఆగిపోయింది. కొత్త కారు, ఏడు నెలలే అయింది, మూడేళ్ళ ఇన్సూరెన్సు పాలసీ ఉంది. వారంటీ వస్తుందా?
– శ్రీకాకుళం

జవాబు: రాదు. వరద, తుపాను, అగ్ని, ప్రమాదం, దొంగతనం ఇన్సూరెన్సు పనులు. ఇన్సూరెన్సులోనూ మీ కేసు కొంచెం చిక్కుగానే ఉంది, ఎందుకో చెప్తాం.

పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్ళను నొక్కలేదు. సిలిండర్లోకి నీళ్ళు చేరిన ఇంజిన్‌ను తిప్పితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మీరు విన్న ‘టక్’ అదే కావచ్చు. నీళ్ళలో మునగడం వల్ల జరిగిన నష్టానికి ఓన్ డ్యామేజీ పాలసీ వర్తిస్తుంది. మునిగాక తాళం తిప్పడం వల్ల ఇంజిన్‌కు జరిగిన నష్టాన్ని ఇన్సూరెన్సు కంపెనీలు మీరు చేతులారా చేసుకున్నదిగా చూస్తాయి. పాలసీలో ‘ఇంజిన్ ప్రొటెక్షన్’ అనే అదనపు కవరు ఉందేమో ముందు చూడండి. ఉంటే దారి ఉన్నట్టే. లేకపోతే సీట్లు, కార్పెట్లు, వైరింగ్, కంప్యూటర్ల వరకైనా క్లెయిమ్ చేయండి.

కొత్త కారుకు మూడేళ్ళ పాలసీ ఉందని మీరు రాశారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ళు తప్పనిసరి అయింది ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికిచ్చే థర్డ్ పార్టీ కవరు మాత్రమే. మీ కారుకు జరిగిన నష్టానికిచ్చే ఓన్ డ్యామేజీ కవరు తరచుగా ఏడాదికే ఉంటుంది, ఏటా కట్టుకోవాలి. మీది ఏడో నెల గనక ఇప్పుడు ఉండి తీరాలి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. నాగావళి, వంశధార పక్క ఊళ్ళవాళ్ళు ఈ వరుస గుర్తుంచుకుంటే చాలు. నీళ్ళు చక్రం సగానికి మించితే కారు కదపొద్దు. తాళం తిప్పొద్దు, పుష్ బటన్ కూడా నొక్కొద్దు. నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తు కనిపించేలా నాలుగువైపులా ఫొటోలు తీసి, ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. నీళ్ళు తీశాక బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. ఆటోమేటిక్ అయితే తాడు కట్టి లాగించొద్దు, చక్రాలు నేలకు తగలకుండా లారీ మీదకు ఎక్కించే టో బండే అడగండి. ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరు చూడకుండా ఏదీ విప్పనివ్వొద్దు. ఆయిల్ పుల్ల తీసి చూసినప్పుడు ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే లోపలికి నీళ్ళు చేరినట్టే.

ప్రశ్న: జీడిపప్పు ఫ్యాక్టరీ పక్కనే మా ఇల్లు. ఎలుకలు వైరింగ్ కొరికేశాయి. షోరూం 38,000 అంటోంది.
– పలాస

జవాబు: వారంటీలో రాదు, ఓన్ డ్యామేజీ ఇన్సూరెన్సులో అడగొచ్చు. అడిగే ముందు ఒక లెక్క వేసుకోండి. క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 20 శాతంతో మొదలై 25, 35, 45, చివరకు 50 దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది. 38,000కు క్లెయిమ్ చేయడమే లాభం. రెండు వైర్లు అతికించడానికి మూడువేలే అయితే సొంతంగా కట్టుకోవడమే మేలు. అయితే ఎయిర్‌బ్యాగుకు, ఏబీఎస్‌కు వెళ్ళే వైర్లను టేపు చుట్టి అతికిస్తే ఒప్పుకోవద్దు. రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచితే చీకటి, వెచ్చదనం రెండూ పోతాయి, ఎలుకలు అంతగా చేరవు. కవరు కప్పి పది రోజులు కదపని కారంటే వాటికి కట్టిచ్చిన ఇల్లే.

ప్రశ్న: పెద్ద స్క్రీను, ఎక్కువ వెలుగొచ్చే హెడ్‌లైట్ బల్బులు, రెండు హారన్లు బయట వేయించాను. ఇప్పుడు పవర్ స్టీరింగ్ శబ్దం చేస్తుంటే "బయట వైర్లు కోశారు, మొత్తం వారంటీ పోయింది" అన్నారు. నిజమేనా? ఊళ్ళో మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించినా అంతేనా?
– యువకుడు, రాజాం

జవాబు: మొత్తం పోదు. వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఈ సంగతే ఉంది. బయట మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దని గంపగుత్తగా షరతు పెట్టకూడదనీ, ఆ పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే నిరాకరించవచ్చనీ చెప్పింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి గనక, ఒక్క దాన్నే బలంగా నమ్ముకోవద్దు. వాదనకు మాత్రం అది మంచి ఆధారం. హారనుకూ పవర్ స్టీరింగ్ మోటారుకూ సంబంధం ఏమిటో రాతపూర్వకంగా చెప్పమనండి.

హెడ్‌లైట్ల విషయంలో మాత్రం తప్పు నీదే తమ్ముడూ. కంపెనీ హెచ్4 బల్బు డిమ్‌లో 55, బ్రైట్‌లో 60 వాట్లు. 12 వోల్టుల మీద 55 వాట్లకు దగ్గర దగ్గర 4.6 యాంపియర్లు పోతాయి. 100 వాట్ల బల్బు పెడితే 8.3 యాంపియర్లు. వైరు మందం పాతదే, స్విచ్చి పాతదే, మీద పడే భారం రెట్టింపుకు దగ్గర. ముందు హోల్డరు ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది, ఆపైన ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోయిందని పెద్ద ఫ్యూజు వేస్తే అప్పుడు వైరే కాలుతుంది. అలా కాలిన వైరింగ్‌కు వారంటీ అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వనక్కర్లేదు కూడా. పాత బల్బులు మళ్ళీ పెట్టించుకోవడం మంచిది. స్క్రీను వైరు కోసి అతికించకుండా కప్లర్‌తో తగిలించి ఉంటే భయం లేదు.

ఆయిల్ మార్పు విషయంలో మీ పుస్తకం వెనక ఉన్న సర్వీసు షరతు చదవండి. వారంటీ ఉన్నంతకాలం సర్వీసు అధీకృత సెంటర్లోనే, సమయానికే చేయించడం తెలివైన పని. చట్టం ఏం చెప్పినా ఇంజిన్ పట్టేసిన రోజున ‘ఏ ఆయిల్ పోశారో రుజువేది’ అనే ప్రశ్నే మీ ముందుకొస్తుంది. తప్పనిసరై బయట చేయిస్తే పుస్తకంలోని గ్రేడ్ ఆయిలే పోయించి, డబ్బా మీది పేరు, గ్రేడు, లీటర్లు, కిలోమీటర్ రీడింగు, తేదీ ఉన్న బిల్లు తీసుకోండి. తెల్లకాగితం మీద "ఆయిల్ సర్వీసు 2,400" అని రాసిచ్చే బిల్లు ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: కొత్త కారుతో పాటే ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడుతున్నారు. తీసుకోవాలా?
– బొబ్బిలి

జవాబు: ఎవరికి అవసరమో ముందు చెప్తాం. ఆటోమేటిక్ గేర్‌బాక్సు, టర్బో డీజిల్, సన్‌రూఫు, పెద్ద స్క్రీన్లు ఉన్న కార్లకు తీసుకోండి. ఇంజెక్టర్లు, టర్బో, గేర్‌బాక్సు కంట్రోల్ యూనిట్ లాంటివాటిలో ఒక్కటి పోయినా కట్టిన డబ్బుకు చాలా రెట్లు ఖర్చవుతుంది. ఏడాదికి ఆరేడువేల కిలోమీటర్లు తిరిగే చిన్న మాన్యువల్ పెట్రోలు కారుకు మా దృష్టిలో అంత అవసరం లేదు. నాలుగైదేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉంటే మాత్రం, కొనేవాడి పేరుకు మారే వారంటీ ధర పలికించడానికి ఉపయోగపడుతుంది.

కారు కొన్న రోజునే తీసుకోవాలన్న తొందర అక్కర్లేదు. అసలు వారంటీ ముగిసేలోపు తీసుకోవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ ధర పెరుగుతుందని, ముగిశాక చాలా కంపెనీలు ఇవ్వవని మాత్రం గుర్తుంచుకోండి. సంతకం పెట్టే ముందు ఇది కారు కంపెనీ ఇస్తున్నదా, షోరూం వేరే సంస్థ నుంచి తెచ్చి అమ్ముతున్నదా అని అడగండి. రెండో రకమైతే దేశమంతా చెల్లుతుందా లేక ఆ షోరూంలోనేనా అని తేల్చుకోండి. డబ్బు కట్టాక మీ ఛాసిస్ నంబరుతో సర్టిఫికెట్ చేతికి రావాలి. వారం తర్వాత వేరే ఊరి సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి, ఆ నంబరు చెప్పి, మీ కంప్యూటర్లో కనబడుతోందా అని అడగండి. డబ్బు తీసుకుని నమోదు చేయడం మరిచిపోయే షోరూములు లేకపోలేదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొన్నాను. మొదట్లో 250 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 215. బ్యాటరీ మారుస్తారా?
– బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

జవాబు: ఇప్పుడే మార్చరు. పెద్ద బ్యాటరీకి కంపెనీలు విడిగా వారంటీ ఇస్తాయి. 8 ఏళ్ళు, 1,60,000 కిలోమీటర్లు అన్నది మామూలుగా కనబడే లెక్క. అందులో సాధారణంగా బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితేనే లోపంగా పరిగణిస్తారు. మీ లెక్క చూసినా 86 శాతం ఉంది. పైగా స్క్రీను మీద చూపే కిలోమీటర్లు ఏసీ వాడకాన్ని, వేగాన్ని బట్టి మారే అంచనా మాత్రమే. సర్వీసులో ‘బ్యాటరీ హెల్త్ రిపోర్టు’ తీయించి ఏటా దాచుకోండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం వల్ల ఛార్జర్ పాడైతే వారంటీ ఇవ్వరు గనక, 15 యాంపియర్ల సాకెట్‌కు విడి వైరు, విడి ఎంసీబీ వేయించి, వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్ళు పోస్తూ ఉండండి. బానెట్ కింద ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీకి ఈ 8 ఏళ్ళు వర్తించవు.

ప్రశ్న: పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేయగానే ఇంజిన్ నుంచి కటకట శబ్దం. నాలుగుసార్లు తీసుకెళ్ళాను. ప్రతిసారీ "ఇది నార్మలే సార్" అని పంపేస్తున్నారు. వారంటీ ఇంకో రెండు నెలలే ఉంది. కారు కొన్నది విశాఖలో, ఉండేది ఇక్కడ.
– రిటైర్డ్ ఉద్యోగి, నరసన్నపేట

జవాబు: నాలుగుసార్లకీ జాబ్ కార్డులు మీ దగ్గరున్నాయా? ఈ కేసుకు అవే ప్రాణం. నోటిమాటగా చెప్పి, చూపించుకుని వచ్చేస్తే రేపు కంప్యూటర్లో ఆ కారు అసలు వచ్చినట్టే ఉండదు.

ఈసారి వెళ్ళినప్పుడు జాబ్ కార్డు మీద ‘ఇంజిన్ చెక్’ అని రాయనివ్వొద్దు. రోగం పేరు కూడా మీరు చెప్పొద్దు, లక్షణం మాత్రం చెప్పండి. "రాత్రంతా నిలిపి ఉంచాక, పొద్దున్న మొదటి స్టార్టులో 5 నుంచి 8 సెకన్లు ఇంజిన్ కుడివైపు కటకట శబ్దం; వేడెక్కాక ఉండదు; 21,000 కిలోమీటర్ల నుంచి ఉంది" అని అదే మాటల్లో రాయించండి. కారును సాయంత్రమే అప్పగించి రాత్రి అక్కడే ఉంచండి. చల్లబడ్డ ఇంజిన్‌లో వచ్చే శబ్దం, మీరు నరసన్నపేట నుంచి నడుపుకుంటూ పది గంటలకు వెళ్ళేసరికి ఎలాగూ మాయమవుతుంది. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, నిజంగానే వాళ్ళకు వినపడదు. వీడియో తీసేటప్పుడు ముందు మీటరు బోర్డు మీది కిలోమీటర్లు, తేదీ చూపించి, ఆగకుండా అదే వీడియోలో బానెట్ దగ్గరికి వెళ్ళండి.

తిరిగి ఇచ్చేటప్పుడు ‘సమస్య కనబడలేదు’ అంటే ఆ మాటే రాసివ్వమనండి. ‘నార్మల్’ అంటే, అదే మోడల్ మరో కారును పొద్దున్నే పక్కన పెట్టి స్టార్ట్ చేసి వినిపించమనండి. ఈ ఒక్క పరీక్షతో చాలా వాదనలు తెగిపోతాయి.

రెండు నెలల గురించి కంగారు వద్దు. వారంటీ ఉండగా ఫిర్యాదు నమోదైతే, గడువు ముగిశాక కూడా ఆ సమస్య వరకు మీ హక్కు నిలుస్తుంది. అందుకే ఈ వారమే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపండి. ఛాసిస్ నంబరు, నాలుగు జాబ్ కార్డుల నంబర్లు, తేదీలు, వీడియో పెట్టి, కంపెనీ ఇంజినీరు వచ్చి చూడాలని అడగండి. షోరూం మేనేజరుకు ఫోన్ మీద ఫోన్ చేయడం కన్నా ఇది పనిచేస్తుంది. మీ వారంటీ కాగితం కారు కంపెనీది, షోరూం దాని తరఫున పని చేసేది మాత్రమే.

అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. విశాఖలో కొన్నా శ్రీకాకుళంలోనే కుదురుతుంది. కారుకు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. ఫీజు 5 లక్షల వరకు లేదు, 5 నుంచి 10 లక్షలకు 200, 10 నుంచి 20 లక్షలకు 400, 20 నుంచి 50 లక్షలకు 1,000 రూపాయలు. సమస్య తలెత్తినప్పటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు, కానీ ఇంజిన్ కేసుల్లో నిపుణుడి నివేదిక లేకపోతే చాలా ఫిర్యాదులు వీగిపోతాయి. పరీక్ష చేయించమని కమిషన్‌నే కోరొచ్చు. షోరూంను, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

కొత్త కారే ఇమ్మని అడగడం మీ ఇష్టం. అయితే మార్చగల భాగంతో బాగయ్యే సమస్యకు కారంతా మార్చమంటే కమిషన్లు తేలిగ్గా ఒప్పుకోవు. భాగం మార్పు, ఆ భాగానికి పొడిగించిన వారంటీ, ఖర్చులు అడిగితే ఫలితం త్వరగా వస్తుంది.

ప్రశ్న: గతుకులో పడి కొత్త టైరు పక్కన బుడిపె లేచింది. కంపెనీ మారుస్తుందా?
– చీపురుపల్లి

జవాబు: టైర్ల వారంటీ కారు కంపెనీది కాదు, టైరు కంపెనీది. గతుకు దెబ్బకు లోపలి దారాలు తెగి వచ్చిన బుడిపెకు మామూలుగా ఇవ్వరు. తయారీ లోపమని తేలితే, అరిగిన మేరకు తగ్గించి మిగిలిన విలువ ఇస్తారు. కొన్ని కంపెనీల ప్రత్యేక వారంటీల్లో దెబ్బలు కూడా వస్తాయి, బిల్లు చూడండి. టైరు పక్కన అచ్చేసి ఉండే కోడులో చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం. ఆ టైరును మాత్రం స్టెప్నీగా కూడా ఉంచుకోకండి, బుడిపె ఎప్పుడు పగులుతుందో చెప్పలేం.

ప్రశ్న: వారంటీ ముగిసిన నా కారు మోడల్‌కు రీకాల్ వచ్చిందని విన్నాను. డబ్బు కట్టాలా?
– టెక్కలి

జవాబు: అక్కర్లేదు. రీకాల్ అంటే లోపం తమదేనని కంపెనీ ఒప్పుకున్నట్టు, ఆ పని ఉచితం. కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ పేజీ తెరిచి, ఆర్‌సీ మీద ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు కొడితే మీ కారు అందులో ఉందో లేదో తెలుస్తుంది. కారు మీరు పాతది కొన్నదైతే కంపెనీ నుంచి ఉత్తరం పాత యజమాని చిరునామాకే పోయి ఉంటుంది, అందుకని ఆరు నెలలకోసారి మీరే చూసుకోండి.